మంచు ఆదివారాల్లో ఎస్తేరక్క

మా వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన చలికాలం పొద్దున్నే ఒక్కోరోజు కట్టెబొగ్గు చాలక, ఎక్కడినుంచో తెచ్చిన రాతిబొగ్గు పెళ్లలు అంటిస్తాడు. ఆ పొగ పచ్చగా, బరువుగా నేలను పట్టుకుని పాకుతూ వచ్చి, గంధకం ఘాటుతో గొంతులో కూర్చుంటుంది. అపార్ట్‌మెంటు వాళ్లంతా ముక్కులు మూసుకుని కిటికీలు బిగించుకుంటుంటే, నేను మాత్రం పాల పాకెట్లు చేత్తో పట్టుకుని ఆ బండి పక్కనే నిలబడిపోతాను. "ఆ కంపులో నీకేం కనిపిస్తుందే తల్లీ" అని మా ఆయన వేళాకోళం చేస్తాడు. ఏం కనిపిస్తుందో చెప్పాలంటే ఆయన్ని ఒక పూటంతా కూర్చోబెట్టాలి. ఆయనకు అంత ఓపిక లేదు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఇల్లందు దాటి మణుగూరు వైపు అడవిలోకి పోయే దారిలో ఉండేది మా గని కాలనీ. ఎనభైలు ముగుస్తున్న రోజులు. వరసలుగా రేకుల కప్పుల క్వార్టర్లు, వాటి వెనక చిన్న చర్చి, చర్చి వెనక వాగు, వాగు అవతల ఇక అడవే. చలికాలం వచ్చిందంటే పొద్దున్నే ప్రతి గడప ముందూ బొగ్గుల పొయ్యి రాజుకునేది. ఆ పొగా, వాగు మీదనుంచి లేచిన మంచూ ఒకదాన్నొకటి పెనవేసుకుని ఎదురింటి తలుపు కూడా కనిపించకుండా చేసేవి. మనుషుల కంటే ముందు వాళ్ల దగ్గులు వచ్చేవి, సైకిళ్ల కంటే ముందు బెల్లులు వచ్చేవి, షిఫ్టు దిగిన వాళ్ల నెత్తిమీది లైట్లు మాత్రం మనిషి లేకుండానే నడిచివస్తున్నట్టు తేలుతూ వచ్చేవి. మేం పిల్లలం జేబుల నిండా రేగుపళ్లు పోసుకుని, ఉప్పూ కారం పొట్లం కట్టుకుని, అరుగుల మీద కచ్చకాయలు ఆడుతూ, డిసెంబరు కోసం ఎదురుచూసేవాళ్లం. డిసెంబరంటే మా ఇళ్లలో గరిజెలు, నూనెలో అచ్చు ముంచి తీసే గులాబీ పువ్వులు, కొత్త బట్టల గంజి వాసన, ఇంటి మీద వెదురు బొంగుకు కట్టిన కాగితపు నక్షత్రం.

మా పక్క క్వార్టరే మా పెద్దమ్మ వాళ్లది, అంటే మా అమ్మకు సొంత అక్క. పేరు సారమ్మ. పెద్దనాన్న యోహాను గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. చాలా తక్కువ మాట్లాడే మనిషి, భోజనానికి ముందు చేసే ప్రార్థన కూడా కళ్లతోనే కానిచ్చేవాడు. వాళ్లకు ఇద్దరు పిల్లలు. పెద్దది ఎస్తేరక్క, నాకంటే మూడేళ్లు పెద్దది. రెండు జడలు మడిచి ఎర్ర రిబ్బన్లు కట్టుకునేది, నాకు తొక్కుడుబిళ్ళ ఆట నేర్పింది, నేను ఓడిపోతే నా బదులు తనే ఏడుపు మొహం పెట్టేది. చిన్నవాడు శాము, అప్పటికింకా మాటలు సరిగా రాని పసివాడు.

ఆ ఏడు వానాకాలంలో ఎస్తేరక్కకు జ్వరం వచ్చింది. మా అడవి పక్క ఊళ్లలో జ్వరమంటే ఎవరూ హడలిపోరు, వానల్లో చెప్పులకు బురద అంటినట్టే అదీ అంటుతుంది, పోతుంది. ఇది మాత్రం తలకెక్కింది. దవాఖానాకు తీసుకుపోయేలోపే అక్క పోయింది. మా సమాధుల తోట వాగుకు అవతలి ఒడ్డున ఉండేది. ఆ రోజు వాగు నిండుగా, ఎర్రగా పారుతోంది. మగవాళ్లు మాత్రం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, పెట్టెను నెత్తిమీద పెట్టుకుని దాటారు. ఆడవాళ్లను దాటనివ్వలేదు. పెద్దమ్మ ఇవతలి ఒడ్డునే నిలబడి, వానలో ఆ పెట్టె చెట్లలోకి పోయి కనబడకుండా అయ్యేదాకా చూసింది. కూతురి మీద ఇంత మట్టి వేసే రాత కూడా ఆమెకు లేకపోయింది. అప్పుడామె ఏడవలేదు. ఇంటికి వచ్చాక కూడా ఏడవలేదు. అదే అందరినీ భయపెట్టింది.

ఇల్లు మూగబోయిందని పెద్దనాన్న నలుపు తెలుపు టీవీ కొన్నాడు, ఏదో ఒక చప్పుడు ఉంటుందని. చావు జరిగిన ఏడాది మా వాళ్లు నక్షత్రం కట్టరు. అందుకని నక్షత్రం కోసం దాచిన వెదురు బొంగుకే యాంటెన్నా బిగించాడు. టీవీకి చెక్క తలుపులు, ముందు నీలం ప్లాస్టిక్ అద్దం. వెలిగించగానే లోపలినుంచి వేడెక్కిన దుమ్ము వాసన వచ్చేది. ఆదివారం వచ్చిందంటే మా వరసంతా ఆ గదిలోనే చాపలు పరుచుకుని కూర్చునేది.

ఆదివారం పొద్దున ఒక హిందీ సీరియల్ వచ్చేది. దాని అసలు పేరు మా నోళ్లకు తిరిగేది కాదు, మేం 'అవతలి ఒడ్డు సీరియల్' అనే పిలుచుకునేవాళ్లం. పగలూ రాత్రీ కాని ఒక లోకం, ఎప్పుడూ మంచు కమ్మి ఉండే ఒక నది, ఆ నది మీద మొహం కనిపించని పడవవాడు. నదికి అవతల పోయినవాళ్లు ఉంటారు. వాళ్లను చూడాలని ఇవతలివాళ్లు వస్తుంటారు, ఒక్కో వారం ఒక్కొక్కరు. దయ్యాల బొమ్మలు చూడొద్దని అయ్యగారు చర్చిలో గట్టిగానే చెప్పేవారు. ఆయన ఆఖరి ఆమెన్ అనగానే మేం చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తేవాళ్లం. ఒక వారం మేం పోయేసరికి అయ్యగారి భార్యే ముందు వరసలో చోటు పట్టుకుని కూర్చుని ఉంది.

మాలో హిందీ వచ్చినవాళ్లు లేరు. మాకు దిక్కు రజియా అత్త. మా వరసలో ఆఖరి క్వార్టరు వాళ్లది, ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునేవారు. ఉర్దూ వచ్చినవాళ్లకు హిందీ రాకుండా ఎట్లా ఉంటుందని మా లెక్క. ఆమెకు టీవీ పక్కన ప్రత్యేకంగా ఒక పీట. తెరమీద మనిషి నోరు మూయగానే ఆమె నోరు తెరిచేది. "పడవోడు గిట్లంటాండు", "రాణి గట్లంటాంది" అంటూ మొదలుపెట్టి, తమలపాకు నములుతూ, గొంతు మార్చి, చేతులు తిప్పి చెప్పేది. మేం సగం తెరనూ సగం ఆమెనూ చూసేవాళ్లం. ఆ లోకం కట్టుబాట్లన్నీ మాకు చెప్పింది ఆమే. నది దాటాలనుకున్నవాళ్లు మంచులో ఒంటరిగా నడిచి రావాలి, నీళ్లలోకి దిగాక వెనకనుంచి ఎవరు పిలిచినా పలకకూడదు, పలికితే దారి మూసుకుపోతుంది. ఈ పలకకూడదన్న మాట మమ్మల్ని పట్టుకుంది. వాకిట్లో బొగ్గుతో గీత గీసి అదే వాగనుకుని, ఒకరు కళ్లు మూసుకుని నడుస్తుంటే మిగతావాళ్లు వెనకనుంచి వాళ్ల అమ్మ గొంతుతో, నాన్న గొంతుతో పిలిచే ఆట ఒకటి కనిపెట్టాం. పలికినవాళ్లు ఓడినట్టు.

పెద్దమ్మ మాత్రం ఆ టీవీ వైపు చూసేది కాదు. వంటగదిలో గోడకు ఆనుకుని కూర్చునేది, రజియా అత్త చెప్పేది మాత్రం అక్కడికీ వినపడేది. శాము కొంగు పట్టుకుని లాగితే మా అమ్మ వచ్చి వాణ్ణి ఎత్తుకుపోయేది.

క్రిస్మస్ దగ్గరపడ్డ ఒక ఆదివారం మంచు ఇంకా విడవలేదు, చర్చి నుంచి చేతులతో గోడలు తడుముకుంటూ వచ్చాం. టీవీలో బొమ్మ ఆగకుండా కొట్టుకుంటోంది. పెద్దనాన్న బయట బొంగు తిప్పుతున్నాడు, మేం లోపలినుంచి "ఇంక కొంచెం, ఇంక కొంచెం" అని అరుస్తున్నాం. చివరకు బొమ్మ నిలిచింది. నది, పడవ, పడవవాడు. అప్పుడు చూశాం, బొమ్మలో కుడివైపు మూలన ఇంకెవరో ఉన్నారు. పలచగా, పొగతో గీసినట్టు, ఒక ఆడపిల్ల. రెండు మడత జడలు. అటు ఇటు కదలకుండా మా వైపే నిలబడి ఉంది. పడవ వెళ్లిపోయింది, రాజకోట వచ్చింది, కోటలో మనుషులు మారారు, ఆ పిల్ల మాత్రం ఆ మూలనే నిలబడి ఉంది. కోట గోడలు ఆమెలోంచి కనబడుతున్నాయి. రజియా అత్త చెప్పడం ఆపేసింది.

వెనక ఏదో చప్పుడైతే తిరిగి చూశాం. వంటగది గుమ్మంలో పెద్దమ్మ నిలబడి ఉంది, చేతిలో గంటె, గంటె నుంచి చారు బొట్లు నేలమీద పడుతున్నాయి.

"మా ఎస్తేరు" అంది పెద్దమ్మ, చాలా మామూలుగా. "సూడుండ్రి, ఎట్ల నిలవడ్డదో."

లేదని ఎవరమూ అనలేకపోయాం. మేమూ అదే అనుకుంటున్నాం మరి.

మా నాన్న కాలనీలో లైన్‌మన్. ఆయన సాయంత్రం అందరికీ నచ్చజెప్పాడు. "మంచు కాలంల గిట్లనే అయితది. యాడిదో దూరపు స్టేషన్ బొమ్మ గాల్ల ఎగిరొచ్చి దీని మీద పడ్డది, అంతే." అది నిజమే అయి ఉంటుంది. అయితే ఆ తర్వాత ఆదివారం ఆయనే తలుపు దగ్గర, టీవీ సరిగా కనిపించని చోట కూర్చోవడం నేను చూశాను.

మంచు ఉన్న ఆదివారం ఆ పిల్ల కనిపించేది, మంచు లేకపోతే లేదు. పెద్దమ్మ బైండింగ్ వైరు తెచ్చి యాంటెన్నా బొంగును కిటికీ ఊచకు గట్టిగా కట్టేసింది, ఎవరూ అంగుళం కూడా తిప్పకుండా. బొమ్మ బాగాలేదని ఎవరైనా గొణిగితే వాళ్ల వైపు ఒక చూపు చూసేది, ఇక రెండో మాట ఉండేది కాదు. తినడం తగ్గిపోయింది. తెల్లారకముందే లేచి చర్చి వెనక్కి పోయి, వాగు గట్టున నిలబడి, మంచులో అవతలికి చూస్తూ ఉండేది. శాము ఏడుస్తున్నా ఆమెకు వినపడేది కాదు.

ఒకరోజు పొద్దున మేం గిన్నె పట్టుకుని పాలకు పోతుంటే వాగు వైపు నుంచి పెద్దనాన్న కేకలు వినిపించాయి. మూడు మాటలకు మించి మాట్లాడని మనిషి గొంతు చించుకుంటున్నాడు. "సారా! ఓ సారా! ఇటు రాయే!" నేనూ మా అమ్మా పరుగెత్తాం. వాగు అప్పటికి సన్నబడిపోయింది, కానీ చర్చి వెనక ఒక మడుగుంది, ఎండాకాలంలోనూ దాని అడుగు దొరకదు. పెద్దమ్మ అందులో నడుంలోతున ఉంది. ముందుకు నడుస్తోంది. చీర నీళ్లమీద తేలుతోంది. పెద్దనాన్న పిలుస్తూనే ఉన్నాడు, మా అమ్మ "అక్కా, అక్కా" అని అరుస్తూనే ఉంది. పెద్దమ్మ తల తిప్పలేదు. పలకలేదు. వాకిట్లో మేం ఆడుకున్న ఆట నాకు గుర్తొచ్చింది. పెద్దనాన్న దూకి జబ్బ పట్టుకుని లాక్కొచ్చాడు. ఒడ్డున పడేసరికి ఆమె ఆయన వైపు మొహం తిప్పి, పళ్లు కొరుకుతూ అన్న మాట ఒక్కటే.

"పిలవకపోతే పోయి వచ్చేదాన్ని గద."

ఆ మధ్యాహ్నమే అయ్యగారు వచ్చారు. "యోహానూ, అది టీవీ కాదు, మడుగే. ముందు దాన్ని బయట పారెయ్" అన్నారు. పెద్దనాన్న టీవీ ఎత్తబోయాడు. పెద్దమ్మ దాన్ని రెండు చేతులా వాటేసుకుని కూర్చుంది. గుంజితే ఆమె చేతులు విరుగుతాయి తప్ప వదిలేట్టు లేదు. "ఒక్క ఆదివారం" అంది. "నా బిడ్డ ఏమంటాందో ఇననియ్యుండ్రి. నోరు కదుపుతాంది, నాకు కనవడ్డది. ఆమె రమ్మంటే పోత. వద్దంటే ఉంట. ఒక్క ఆదివారం." రమ్మంటే పోతానన్న మాటకు మా అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ వారమంతా మా నాన్నా పెద్దనాన్నా షిఫ్టులు మార్చుకుని, ఒకరు ఇంట్లో ఉంటూ పెద్దమ్మను కాపలా కాశారు.

ఆ ఆదివారం మంచు ఎంత దట్టంగా పట్టిందంటే గదిలోకి కూడా వచ్చి బల్బు చుట్టూ తిరిగింది. ఎవరూ చాపలమీద జరగమని పోట్లాడుకోలేదు. పెద్దమ్మ మొదటిసారి ముందు వరసలో, టీవీకి చేయి చాస్తే అందేంత దగ్గరగా కూర్చుంది. రజియా అత్త ఆ రోజు తమలపాకు వేసుకోలేదు. పీటమీద కూర్చుని కొంగు చివర వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

పడవ వచ్చింది. పడవవాడు ఏదో అన్నాడు. అత్త ఏదో చెప్పింది, ఎవరికీ పట్టలేదు. అందరం మూలనే చూస్తున్నాం. మెల్లగా ఆ మూల తెల్లబడి, జడలు వచ్చాయి, భుజాలు వచ్చాయి. ఈసారి ఆ పిల్ల మూలన ఆగలేదు. బొమ్మకు అడ్డంగా జరుగుతూ నది మధ్యకు వచ్చి నిలబడింది. టీవీలోంచి రేకులమీద వాన పడుతున్నట్టు హోరు తప్ప ఏమీ వినిపించడం లేదు. పెద్దమ్మ తెర నుంచి కళ్లు తీయకుండానే అడిగింది, "ఏమంటాంది రజియా?"

రజియా అత్త నుదుటిమీద ఆ చలిలో చెమట పట్టడం చూశాను. కాసేపటికి చెప్పడం మొదలుపెట్టింది. ఎప్పటిలా గొంతు మార్చలేదు, చేతులు తిప్పలేదు. "ఆ పిల్ల గిట్లంటాంది" అని కూడా అనలేదు. ఆగి ఆగి, నిద్రలో మాట్లాడినట్టు అంది.

"అమ్మా, నీళ్లల్లకు దిగకు. నాకిప్పుడు దూప లేదు. ఈడ నీళ్లు మస్తుగున్నయ్, కడుపు నిండ తాగిన. నువ్వు రాకు. తమ్మునికి అన్నం పెట్టు."

పెద్దమ్మ ఒక్క క్షణం రజియా అత్త మొహంలోకి చూసింది. తర్వాత నేలమీదికి వాలిపోయి ఏడ్చింది. వానాకాలం నుంచి ఏడవని ఏడుపంతా ఆ పొద్దున ఏడ్చింది. ఆమె గుండెలు బాదుకుంటుంటే ఆడవాళ్లంతా పట్టుకున్నారు. ఆ ఏడుపులోనే చెప్పింది, అప్పటిదాకా కట్టుకున్న మొగుడికి కూడా చెప్పనిది. "రాత్రంత దూప దూప అన్నది నా తల్లి. జరమొచ్చినోళ్లకు సల్లనీళ్లు పొయ్యొద్దని నేనే ఇయ్యలే. కాళ్లు పట్టుకున్నది. ఇయ్యలే." మా ఊళ్లలో అప్పటికి అందరి నమ్మకమూ అదే, ఆ గదిలో కూర్చున్న ప్రతి తల్లీ ఎప్పుడో ఒకప్పుడు జ్వరంతో కాగుతున్న బిడ్డ నోటి దగ్గరనుంచి గ్లాసు లాగేసుకున్నదే. అందుకే ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఎవరో టీవీ తలుపులు మూశారు. పెద్దమ్మ లేచి, మొహం కడుక్కుని, శామును ఒళ్లో కూర్చోబెట్టుకుని చారన్నం కలిపి పెట్టింది. వాడు రెండు బుగ్గల నిండా కుక్కుకుని అందరినీ ఆశ్చర్యంగా చూశాడు. సాయంత్రం ఆమే కటింగ్ ప్లేయరు అడిగి తీసుకుని, కిటికీ ఊచకు కట్టిన వైరు తెంపేసింది. యాంటెన్నా మళ్లీ రిలే స్టేషన్ వైపు తిరిగింది. మంచు ఆదివారాలు తర్వాత కూడా వచ్చాయి, ఆ మూలన మళ్లీ ఎవరూ నిలబడలేదు. పెద్దమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. శాము పెళ్లి చూసింది, మనవరాలిని ఎత్తుకుంది, మనిషి గడపలో కాలు పెడితే చాలు, ముందు చెంబెడు నీళ్లిచ్చి తర్వాతే పలకరించేది.

ఇప్పుడు ఆ కాలనీ లేదు. భూమి లోపలి గని మూసి పైనుంచి తవ్వడం మొదలుపెట్టాక క్వార్టర్లు పోయాయి, చర్చిని రోడ్డు పక్కకు మార్చి కట్టారు, వాగును ఇంకో దారి పట్టించారు. మడుగు ఉన్నచోట ఇప్పుడు చూస్తే కళ్లు తిరిగేంత లోతు గొయ్యి. సమాధుల తోట నుంచి ఎముకలు తీసి కొత్తచోట పెట్టిన రోజు పెద్దమ్మ వెళ్లి, అప్పుడు వేయలేని మట్టి వేసి వచ్చింది. ఇంట్లో ఒక్కరికి ఒక్క భాష వస్తే వీధంతా వాళ్ల నోటివైపు చూస్తూ కథ వినడమన్నది కూడా పోయింది. మా పిల్లలు ఏ భాష సినిమా అయినా కింద అక్షరాలు చదువుకుంటూ ఎవరి ఫోన్లో వాళ్లు చూసుకుంటున్నారు.

ఈమధ్య ఎవరో పాత సీరియళ్లు ఇంటర్నెట్‌లో పెడితే, వెతగ్గా వెతగ్గా మా అవతలి ఒడ్డు సీరియల్ దొరికింది. ఆ ఆదివారం వచ్చిన భాగం కూడా దొరికింది. బొమ్మ అద్దంలా ఉంది. పడవ వచ్చింది, పడవవాడు ఏదో అన్నాడు. ఆ తర్వాత నది మాత్రమే, చాలాసేపు. ఆడపిల్ల ఎవరూ లేరు, ఉండరని నాకు తెలుసు. నేను చూసింది మాటల కోసం. అక్కడ మాటలే లేవు. ఎవరూ ఏమీ అనలేదు. గాలి హోరు, అంతే.

రజియా అత్త ఖమ్మంలో కూతురి దగ్గర ఉంటుందని తెలిసి, పోయిన నెల వెళ్లి కలిశాను. పళ్లు ఊడిపోయాయి కానీ తమలపాకు మానలేదు, చిన్న రోట్లో దంచుకుని వేసుకుంటోంది. ఫోన్లో ఆ భాగం చూపించాను. చూసి చాలాసేపు నవ్వింది.

"ఆ హిందీ నాకు యాడ సమజయ్యేది బిడ్డా! అన్ని పెద్ద పెద్ద పంతుళ్ల మాటలు. మీరంత నా నోట్లకే సూస్తుంటిరి, తెలవదని ఎట్ల చెప్పాలె? సగం కథ నేనే అల్లిన. ఆ పలకొద్దన్న ముచ్చట గూడ నేను అల్లిందే."

ఆ మాట అన్నాక ఆమె నవ్వు పోయింది. తమలపాకు దంచడం ఆపింది.

"మీ పెద్దమ్మ మడుగుల దిగిందని తెలిసినంక నాకు అన్నం పోలే. నా మాట ఇని గద దిగింది. ఆదివారం ఏదో ఒకటి అల్లి ఆమెను ఆపాలనే వచ్చి పీటమీద కూసున్న."

"మరి దూప సంగతి నీకెవరు చెప్పారత్తా? పెద్దమ్మ ఎవరికీ చెప్పలేదుగా?" అని అడిగాను.

అత్త నా చెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్లు మంచులా ఉన్నాయి.

"నేనెందుకు అల్లుత బిడ్డా అంత పెద్ద మాట? ఆ పొల్ల తెలుగులనే చెప్పింది. నేను మల్ల అన్న, అంతే." నా మొహంలోకి వెతుకుతున్నట్టు చూసి, గొంతు తగ్గించి అడిగింది. "అందరు ఆడనే కూసున్నరు గద, మీకెవ్వరికి ఇనవడలేదా?"